తూకం ఎవరికి సమానం?

అప్పు ఇచ్చేముందు మన పల్లెల్లో అడిగే ప్రశ్నలూ, పిల్లనిచ్చేముందు అడిగే ప్రశ్నలూ దాదాపు ఒకటే. ఎవరి తాలూకు, ఏ ఊరు, ఇంట్లో పెద్దలెవరు, వాళ్ల మాట ఎలాంటిది. మనిషి చేతిలో ఏముందో చూడకముందే అతను ఎవరి చేతుల్లో పెరిగాడో చూస్తారు. మంచి పెంపకం మర్యాద నేర్పుతుందనీ, మర్యాద తెలిసినవాడి మాట మీద బేరం నిలుస్తుందనీ ఈ ఆరా వెనక ఒక నమ్మకం ఉంది. తేలిగ్గా కొట్టిపారేయగల నమ్మకం కాదది. చరిత్రలో దానికి గట్టి రుజువులున్నాయి. కానీ దాని అడుగున కొన్ని చిక్కు ప్రశ్నలూ ఉన్నాయి. ఎక్కడ పుట్టాలో ఎవరూ ఎంచుకోరు కదా, ఎంచుకోని చోటు ఇచ్చిన గుణం మనిషి సుగుణమెలా అవుతుంది? పరువు పోతుందన్న భయంతో మాట నిలబెట్టుకున్నవాణ్ణి ధర్మపరుడనవచ్చా? తనవాళ్ల దగ్గర మాత్రమే చెల్లే నిజాయితీని ఏమనాలి? నా అభిప్రాయం ముందే చెబుతాను. పెంపకం, మర్యాద వ్యాపారంలో నమ్మకాన్ని నిజంగానే కడతాయి. అయితే తన మనుషులకు తాను జవాబు చెప్పుకోవాలన్న ఎరుక ఉన్నంత మేరకే కడతాయి. ఆ నమ్మకానికి ధర్మమన్న పేరు దక్కాలంటే మాత్రం, జవాబు అడిగే బలం లేని పరాయివాడికి కూడా ఆ జవాబు అందాలి.

దక్షిణాదిలో దీనికి నాట్టుకోట్టై చెట్టియార్ల కన్నా నిండైన ఉదాహరణ దొరకదు. తమిళనాట కారైక్కుడి చుట్టుపక్కల మెట్ట గ్రామాల నుంచి బయల్దేరి, పందొమ్మిదో శతాబ్దంలో సింహళం, బర్మా, మలయా, సైగాన్ దాకా వడ్డీ వ్యాపారం విస్తరించిన సమాజం వాళ్లది. 1930 నాటి బర్మా బ్యాంకింగ్ విచారణ సంఘం లెక్క ప్రకారం ఒక్క బర్మాలోనే వాళ్ల కొట్లు సుమారు 1,650 ఉండేవి. యజమాని ఊళ్లో ఉండేవాడు, కొట్టు సముద్రం అవతల ఉండేది. మధ్యలో ఏజెంటు. సాధారణంగా మూడేళ్ల గడువు మీద వెళ్లేవాడు. జీతంలో కొంత ముందే ఇంట్లో ఇచ్చేవారు, చివర లాభంలో వాటా ఉండేది. భార్యాబిడ్డలు చెట్టినాడు అని పిలిచే ఆ సొంత ప్రాంతంలోనే ఉండిపోయేవారు. గడువు తీరాక తర్వాతి ఏజెంటుకు పద్దులన్నీ అప్పగించి ఇంటికొచ్చేవాడు. ఆ మూడేళ్లలో లక్షల రూపాయలు అతని చేతిమీదుగా నడిచేవి. యజమాని వెళ్లి పక్కన కూర్చుని చూసేది లేదు, పర్యవేక్షణ అంతా ఉత్తరాలూ లెక్కల నకళ్లూ. అయినా తరాల తరబడి ఆ ఏర్పాటు నిలిచింది.

ఎందుకు నిలిచిందో చూస్తే పెంపకం అంటే ఏమిటో తెలుస్తుంది. పదీ పన్నెండేళ్ల కుర్రాడు కొట్లో డబ్బుపెట్టె పక్కన కూర్చోవడంతో చదువు మొదలయ్యేది. నోటిలెక్కలు, దస్తూరి, ఉత్తరం రాసే తీరు, వచ్చినవాణ్ణి కూర్చోబెట్టే తీరు, పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో దూరకపోవడం, ఒకరి బాకీ సంగతి ఇంకొకరి దగ్గర నోరుజారకపోవడం. పుస్తకంలో దొరికే చదువు కాదిది, చూసి పట్టుకోవలసిందే. కొట్టు పేరుగా తాతముత్తాతల పేర్ల మొదటి అక్షరాలు ఉండేవి, కనుక ఒకడి తప్పు ముగ్గురు పెద్దల పేరు మీద పడేది. ఇక సమాజమంతా తొమ్మిది గుళ్లకు చెందిన శాఖలుగా ఉండేది. ఎవరు ఏ గుడికి చెందినవారన్నదాన్ని బట్టే పెళ్లి సంబంధాలు కుదిరేవి. రంగూన్‌లోనూ సుబ్రహ్మణ్యస్వామి గుడి కట్టుకున్నారు. తమలో తాము ఇచ్చిపుచ్చుకునే సొమ్ముకు వడ్డీ రేటును నెలకోసారి ఆ గుళ్లోనే కూడి నిర్ణయించుకునేవారు. లాభంలో కొంత దేవుడి పేర పద్దు రాసేవారు. రంగూన్‌లో గల్లాపెట్టె మీద చెయ్యివేసే ఏజెంటుకు ఆ చెయ్యి ఎక్కడెక్కడ లెక్కకు వస్తుందో తెలుసు: గుళ్లో, కూతురి పెళ్లిచూపుల్లో, తమ్ముడి ఏజెన్సీలో. ఆ సమాజంలో పుట్టినవాళ్లు పుట్టుకతో నీతిమంతులని నేననను. తప్పు చేస్తే దాక్కోవడానికి చోటు లేని ఏర్పాటులో, చిన్నప్పటి నుంచీ ఆ సంగతి ఒంటికి పట్టేలా పెరిగారంటాను.

ఇక్కడే తత్త్వవేత్త అడ్డుపడతాడు. ఇది భయం, లేదా లెక్క, ధర్మం కాదు అంటాడు. జర్మన్ తాత్త్వికుడు కాంట్ 1785లో రాసిన నీతిశాస్త్ర గ్రంథంలో ఒక కొట్టువాడి ఉదాహరణ ఇస్తాడు. ఆ కొట్టువాడు అందరికీ ఒకే ధర చెబుతాడు, చిన్నపిల్ల వచ్చినా మోసం చెయ్యడు. కానీ వ్యాపారం బాగా సాగాలనే అలా చేస్తున్నాడంటే ఆ పనికి నైతికమైన విలువ లేదంటాడు కాంట్. పదునైన మాటే. దీని ప్రకారం చెట్టినాడు ఏజెంటు నిజాయితీ కూడా మంచి లెక్క మాత్రమే అవుతుంది. నేను దీన్ని సగమే ఒప్పుకుంటాను. పెద్దయ్యాక కూర్చుని లాభనష్టాలు బేరీజు వేసుకుని నిజాయితీని ఎంచుకున్నవాడికి ఆ మాట వర్తిస్తుంది. కానీ పన్నెండేళ్ల కుర్రాడు బేరీజు వెయ్యడు. ఎదురుగా ఉన్నవాళ్లు చేసేది చేస్తాడు. లెక్క తెలిసే వయసు వచ్చేసరికి కొన్ని పనులు అతని చేతికి రావు, కొన్ని మాటలు నోటికి రావు. ఈ దశను మన సంప్రదాయం చాలా ముందే గుర్తించింది. మనుస్మృతి ఆచారాన్ని పరమధర్మమన్నది. అందులో కులానికో ఆచారం పెట్టిన అన్యాయాన్ని నేను సమర్థించను. అయినా చేతి అలవాటు ముందు వస్తుందనీ, దాని అర్థం తర్వాత తెలుస్తుందనీ చెప్పిన మానవశాస్త్రం అందులో ఉంది. ఎక్కడ పుట్టామన్నది మన ఎంపిక కాదు. పుట్టినచోట అబ్బినదాన్ని పెద్దయ్యాక ఉంచుకోవడమో వదులుకోవడమో మన ఎంపికే. రంగూన్‌లో ఒంటరిగా ఉన్న పాతికేళ్ల మనిషికి ఆ ఎంపిక రోజూ ఎదురయ్యేది.

దీనికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. మర్యాద ముసుగు కూడా కాగలదు. 1906 అక్టోబరులో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసింది. నగరంలోని అతి పెద్ద ఇంగ్లీషు వ్యాపార సంస్థల్లో అదొకటి. వేలమంది డిపాజిట్లు అందులో ఉండిపోయాయి. ఆ రోజుల్లో పెద్దమనిషి తరహాకు అంతకు మించిన నమూనా లేదు. మంచి వంశం, మంచి చదువు, క్లబ్బులో పలుకుబడి, పేరుకు ముందు బిరుదు, తొణకని మాటతీరు. అధిపతి సర్ జార్జ్ అర్బత్‌నాట్‌కు చివరికి కోర్టు జైలుశిక్ష వేసింది. ఆ మర్యాదంతా తన సాటి దొరల కోసం, డిపాజిటుదారుకు దొరికింది దాని మెరుపు మాత్రమే. ఆ దెబ్బ నుంచి పుట్టిన పట్టుదలతోనే 1907లో చెట్టియార్ల పెట్టుబడి అండతో మద్రాసులో ఇండియన్ బ్యాంకు వెలిసింది. మన వైపు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు నెలకొల్పే నాటికి, దొరతనాన్ని చూసి సొమ్ము అప్పగించే కాలం దాటిపోయింది.

ఇంగ్లండులోనే దీనికి సరిగ్గా తిరగబడ్డ ఉదాహరణ ఉంది. పదిహేడో శతాబ్దంలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు మర్యాద తెలియనివాళ్లుగా పేరుపడ్డారు. దేవుడి ముందు అందరూ సమానమని నమ్మి, ఎంత గొప్పవాడు ఎదురైనా టోపీ తీసేవారు కాదు, అందర్నీ నువ్వనే పిలిచేవారు. మొదట్లో జనం వాళ్ల కొట్లకు రావడం మానేశారని వాళ్ల గురువు జార్జ్ ఫాక్స్ తన జీవితకథలో రాసుకున్నాడు. తర్వాత అదే జనం ఏరికోరి రాసాగారు. బేరమాడనక్కరలేదు, ఒకటే ధర, చిన్నపిల్లను పంపినా పెద్దవాడికిచ్చినట్టే ఇస్తారు. కాంట్ ఉదాహరణలోని పిల్ల అంతకు నూరేళ్ల ముందే నిజంగా క్వేకర్ల కొట్టుకు వెళ్లింది. దివాలా తీసినవాణ్ణి క్వేకర్లు తమ సంఘం నుంచే తీసేసేవారు. ఖైదీల బాగు కోసం పాటుపడిన ఎలిజబెత్ ఫ్రై భర్తకు 1828లో అదే జరిగింది. ఈ రెండు కథలూ పక్కపక్కన పెడితే మర్యాదలో రెండు రకాలు కనిపిస్తాయి. చేసేవాడికి ఏ ఖర్చూ లేని మర్యాద ఒకటి, దానికి శిక్షణ ఇస్తే ఎవరికైనా అబ్బుతుంది. రెండోది చేసేవాడికి నష్టం తెచ్చే మర్యాద. వచ్చే లాభాన్ని వదులుకోవడం, అవతలివాడికి తెలియని లోపాన్ని చెప్పడం, మన సంఘమే మనల్ని నిలదీస్తుందని ఒప్పుకోవడం. నమ్మకాన్ని కట్టేది రెండోదే. మొదటిది ఉంటే మంచిదే, లేకపోయినా క్వేకర్ల కొట్టు నడిచింది.

ఇక తిరిగి బర్మాకు వెళ్లాలి, అసలు పరీక్ష అక్కడే జరిగింది. దిగువ బర్మాలో అడవులు, బురదనేలలు కొట్టి వరి మడులు చేసిన రైతుకు పెట్టుబడి చెట్టియార్లదే. కొన్నిసార్లు నేరుగా, కొన్నిసార్లు స్థానిక వడ్డీవ్యాపారి చేతిమీదుగా అందేది. ఇంగ్లీషు బ్యాంకులు ఆ రైతు మొహం చూడలేదు. కాబట్టి బర్మా వరి ఎగుమతులు ప్రపంచానికెక్కడంలో చెట్టియార్ల పాత్ర పెద్దది. వాళ్ల లెక్కలు శుభ్రం, మాట నిలకడ, దొంగపత్రాల జోలికి పోరని ఆనాటి అధికారులూ ఒప్పుకున్నారు. కానీ 1930 తర్వాత ప్రపంచ మాంద్యంలో ధాన్యం ధర కొద్దికాలంలోనే సుమారు సగానికి కూలింది. వాయిదాలు ఆగిపోయాయి, తాకట్టు భూములు చేతులు మారాయి. దిగువ బర్మాలో వరి పండే 13 ముఖ్య జిల్లాల్లో చెట్టియార్ల చేతిలోని భూమి 1930లో సుమారు 6 శాతం. 1937-38 నాటికి 25 శాతం. కొన్నేళ్లలోనే ఊళ్లకు ఊళ్లు కౌలుదార్లయ్యాయి.

చెట్టియార్ల తరఫు వాదనకు న్యాయం చెయ్యకపోతే ఈ చర్చ నిలవదు. వాళ్లు భూమి కోరుకోలేదు. భూమిలో ఇరుక్కున్న సొమ్ము వడ్డీ వ్యాపారికి చచ్చిన సొమ్ము. ధాన్యం ధర వాళ్లు కూల్చలేదు. తాకట్టు చట్టం ఇంగ్లీషు ప్రభుత్వానిది. అంతకన్నా గట్టి సంగతి, వాళ్లు అబద్ధమాడలేదు, రాసుకున్న పత్రం ప్రకారమే నడిచారు. ఇవన్నీ నిజమే, అందుకే ఈ ఉదాహరణ నాకు ముఖ్యం. మోసగాడు చేసిన హానికి వివరణ అక్కర్లేదు. ఇక్కడ నిజాయితీపరులు, మర్యాదస్తులు, దేవుడి పద్దు తప్పకుండా రాసేవాళ్లు నడిపిన వ్యాపారం ఒక రైతాంగాన్ని నేల నుంచి వేరుచేసింది. తోటి చెట్టియారు కష్టంలో పడితే సమాజం కూర్చుని గడువు పొడిగించేది, సర్దుబాటు చేసేది. ఆ సర్దుబాటు గుణం వాళ్ల పెంపకంలో ఉన్నదే. బర్మా రైతు కష్టంలో పడ్డప్పుడు అతనికి మిగిలింది పత్రమొక్కటే. ఏజెంటు మంచితనానికి సాక్షులంతా చెట్టినాడులో ఉన్నారు. రైతుకు ఏం జరిగిందన్నది ఆ గుళ్లలో ఎవరూ అడిగే లెక్క కాదు. చివరికి అందరూ నష్టపోయారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు చెట్టియార్లు కొట్లు వదిలేసి రావలసి వచ్చింది, 1948లో స్వతంత్ర బర్మా భూముల జాతీయీకరణ చట్టం చేసింది. మన కోరంగి రేవు పేరు మీద అక్కడ కోరంగీలని పిలిపించుకున్న తెలుగు కూలీల గోడు వేరే కథ. 1930 మేలో రంగూన్ రేవు పని మీద రేగిన అల్లర్లలో మొదట దెబ్బతిన్నది వాళ్లే. ఆ గొడవకు కారణం వడ్డీ కాదు. అయితే భారతీయుడంటేనే మండిపోయే గాలి ఆ దేశంలో పెరిగాక, చేతిలో ఏ పద్దుపుస్తకమూ లేని బీదవాళ్లు కూడా దాని వేడికి గురయ్యారు.

ధర్మచింతనలో ఈ ప్రశ్నను నేరుగా పట్టుకున్న కథ మహాభారతం శాంతిపర్వంలో ఉంది. జాజలి అనే తపస్వి కదలకుండా నిలబడి తపస్సు చేస్తుంటే అతని జడల్లో పిట్టలు గూడు కట్టి పిల్లలు పెట్టాయి. ధర్మం సాధించేశానని అతను పొంగిపోతే, కాశీలో తులాధారుడనే వ్యాపారికి నువ్వు సాటిరావని ఆకాశవాణి పలికింది. జాజలి వెతుక్కుంటూ వెళ్తే, తులాధారుడు అంగట్లో సరుకు అమ్ముతున్నాడు. అతను చెప్పిన ధర్మం చాలా చిన్నది: తన త్రాసు సమస్త ప్రాణులకూ సమానంగా తూగుతుందని. రాగం లేదు, ద్వేషం లేదు, ఇతనికి అనుకూలం అతనికి ప్రతికూలం అన్నది లేదు. ఈ కథను వ్యాపారికి కితాబుగా చెప్పుకోవడం మామూలు. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది తులాధారుడి జవాబులో లేనిది. తన ఊరి గురించీ, వంశం గురించీ, తనవాళ్లలో తనకున్న పేరు గురించీ అతను ఒక్క ముక్క కూడా సాక్ష్యంగా తేలేదు. తూకం ముందు నిలబడ్డవాడు ఎవరైనా సరే, అదే అతని సాక్ష్యం. ఇది చదివి పెంపకం అక్కర్లేదనుకుంటే పొరపాటు. త్రాసు నిలకడగా పట్టడం అంగట్లో పెరిగిన చేతికే వస్తుంది. పెంపకం ఆ చేతిని తయారుచేస్తుంది, ఆ త్రాసు ఎవరెవరికి తూగాలన్న హద్దు గీసే పని మాత్రం పెంపకానికి వదిలేయకూడదు.

ఈ హద్దు సంగతి బర్మాతో ముగిసిన పాత కథేమీ కాదు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణాల సంక్షోభం దీన్నే తిరగేసి చూపింది. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని ఆడవాళ్లను గుంపులు కట్టించి, ఒకరికొకరు పూచీ ఉండేలా అప్పులిచ్చారు. ఒకామె వారం వాయిదా కట్టకపోతే మిగతావాళ్లు నిలదియ్యాలి. అంటే తాకట్టు పెట్టించుకున్నది పరువునే. ఇరుగుపొరుగులో మాట పడకూడదన్న పల్లె పెంపకాన్నే పూచీగా వాడుకున్నారు. మొదట్లో వసూళ్లు దాదాపు పూర్తిగా వచ్చాయి, పేదలు నమ్మదగినవాళ్లని లోకమంతా మెచ్చుకుంది. నమ్మదగినవాళ్లే, అందులో అనుమానం లేదు. అప్పులిచ్చినవాళ్ల వైపు అలాంటి కట్టుబాటు ఉందా అన్నది ఎవరూ అడగలేదు. మొహమాటాలు, చేతివాటం ఉండకూడదని సంస్థలు వసూలు ఉద్యోగిని సొంత ప్రాంతంలో వెయ్యకపోవడం, తరచూ బదిలీ చెయ్యడం పద్ధతిగా పెట్టుకున్నాయి. అతనూ ఏదో పల్లెలో అమ్మా అక్కా అని పిలవడం నేర్చుకుని పెరిగినవాడే. కానీ తలుపు ముందు కూర్చుని గట్టిగా అరిచినప్పుడు, ఆ అరుపు అతని ఊరికి వినపడదు. ఆమె పరువు ఆమె ఊళ్లోనే పోయింది, అతని పరువుకు అక్కడ పనే లేదు. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వారం వాయిదాల బదులు నెల వాయిదాలన్నది, వసూళ్లు పంచాయతీ కార్యాలయంలోనో, కలెక్టరు చూపిన బహిరంగ స్థలంలోనో జరగాలన్నది. ఇంటి గడప దగ్గర నుంచి నలుగురూ చూసే చోటుకు తీసుకురావడంలో చట్టం గ్రహించిన విషయం సరైనది. వసూలుకు వచ్చినవాడి మర్యాదకూ సాక్షులుండాలి.

మరి చట్టమే చాలు కదా, పెంపకం గొడవ ఎందుకని ఇప్పటి చదువుకున్నవాళ్లు అంటారు. ఒప్పందం రాసుకుంటాం, కంప్యూటరు అప్పు చరిత్ర చూపిస్తుంది, తేడా వస్తే కోర్టు ఉంది, ఊరూపేరూ అడగడమే వివక్ష అంటారు. చివరి మాటలో నిజముంది. ఎవరి తాలూకు అన్న ప్రశ్న దళితుడికో, పొట్టకూటికి వలస వచ్చినవాడికో ఎన్ని తలుపులు మూసిందో చెప్పలేం. ఆ ప్రశ్న వల్ల లాభపడ్డ కులాలు దాన్ని సంస్కారమని పొగడడం సులభం. అందుకే ఊరు చూసి, కులం చూసి మనిషిని నమ్మాలన్న వాదం నాది కాదు. మనిషి నమ్మకస్తుడిగా ఎలా తయారవుతాడన్నది వేరే ప్రశ్న, దానికి ఒప్పందం దగ్గర జవాబు లేదు. ఒప్పందం రాయని సందులెన్నో వ్యాపారంలో రోజూ వస్తాయి. సరుకు కాస్త పాతబడింది, చెప్పాలా వద్దా. పొరపాటున ఎక్కువ డబ్బు పడింది, తిరిగి పంపాలా, అడిగేదాకా ఆగాలా. చదువు రాని ముసలామె వేలిముద్ర వేసే కాగితం ఆమెకు చదివి వినిపించాలా. కోర్టుకు ఎక్కనంత చిన్నవి ఇవి. బర్మాలో పత్రాలన్నీ సక్రమమే, 2010లో కూడా చాలామటుకు సంతకాలు సక్రమమే.

కాబట్టి వ్యాపార కుటుంబాలు పిల్లల్ని కొట్లో కూర్చోబెట్టడం మానకూడదనే నా కోరిక. పెద్ద సంస్థలకూ ఇదే చెబుతాను. కొత్తగా చేరినవాడికి చిరునవ్వు నేర్పే శిక్షణ కన్నా, ఎవరి ముందు జవాబు చెప్పుకోవాలో నేర్పే శిక్షణ ముఖ్యం. అయితే కుర్రాణ్ణి ఎక్కడ కూర్చోబెడుతున్నామన్నది చూడాలి. పాతకాలపు కొట్లో అతను పెట్టె పక్కన కూర్చుని పెద్ద ఖాతాదారులతో తండ్రి మాట్లాడే తీరు చూసేవాడు, ఆ తీరే అతనికి పట్టుబడేది. బాకీ తీర్చలేని మనిషి వచ్చి గడువు అడిగినప్పుడు కూడా అతను అక్కడ ఉండాలి. ఆ మనిషి మన ఊరువాడు కాకపోయినా, మన భాష సరిగా రాకపోయినా, అతనికి తండ్రి చెప్పే మాటా, ఇచ్చే గడువూ, మన బంధువు బాకీకి చెప్పిన మాటతో, ఇచ్చిన గడువుతో పోల్చి చూసుకునే వయసు పన్నెండేళ్లకే వస్తుంది. తేడా కనిపిస్తే ఎందుకని అడుగుతాడు. ఆ ప్రశ్నకు తండ్రి ఇచ్చే జవాబును బట్టే, రేపు ఆ కొట్టుకు తెలియని మనిషి ధైర్యంగా రాగలడో లేదో తేలుతుంది.